అరువు కథ, సొంత ఆట: లైసెన్సు గేములు ఎప్పుడు రాణిస్తాయి

సంక్షిప్తంగా: సినిమాలు, నవలలు, కామిక్‌ల హక్కులు కొని తయారు చేసే వీడియో గేములు ఒకప్పుడు నాసిరకానికి మారుపేరుగా ఉండేవి. వాటిలో కొన్ని గొప్పగా నిలవడానికి తగినంత సమయం దొరకడం ఒక కారణం, కానీ అదొక్కటే చాలదని అదే సమయం దొరికి కూడా విఫలమైన ఆటలు చూపిస్తున్నాయి. మూలంలోని ఏ ఒక్క లక్షణాన్ని ఆటగాడి చేతిలో నియమంగా మార్చాలో తయారీదారులు ముందే తేల్చుకున్నారా లేదా అన్నదే ఎక్కువ సందర్భాల్లో ఫలితాన్ని నిర్ణయించింది.

లైసెన్సు గేమ్ అనగానే ఆటగాళ్లలో చాలాకాలం పాటు ఒకే అభిప్రాయం ఉండేది: అట్ట మీద పేరు పెద్దది, లోపల సరుకు తక్కువది. 2023 ఈ అభిప్రాయాన్ని ఒకేసారి తారుమారు చేసింది, బలపరిచింది కూడా. హ్యారీ పాటర్ లోకంలో సాగే ‘హాగ్‌వర్ట్స్ లెగసీ’ ఆ ఏడాదిలోనే 2.2 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. బల్ల మీద పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట హక్కులతో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ ఆ సంవత్సరపు ఉత్తమ గేమ్ పురస్కారాన్ని అందుకుంది. అదే ఏడాది మే నెలలో, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ లాంటి తిరుగులేని పేరు ఉన్న ‘గొల్లమ్’ ఆట ఎంత ఘోరంగా విఫలమైందంటే, దాన్ని తయారు చేసిన జర్మనీ సంస్థ డెడాలిక్ కొద్ది వారాల్లోనే సొంతంగా ఆటలు తయారు చేసే విభాగాన్ని మూసేసింది. ఒకే తరహా ఒప్పందాల నుంచి ఇంత భిన్నమైన ఫలితాలు ఎందుకు వస్తాయన్నది పరిశీలించదగిన ప్రశ్న.

అపకీర్తి వెనుక ఉన్న లెక్క

లైసెన్సు ఒప్పందం సాధారణంగా నడిచే పద్ధతి చూస్తే సమస్య ఎక్కడ మొదలవుతుందో అర్థమవుతుంది. గేమ్ సంస్థ హక్కుదారుకు ముందుగా ఒక కనీస హామీ మొత్తం చెల్లిస్తుంది. ఆ తరువాత అమ్మకాలు ఆ హామీని దాటితే రాయల్టీ రూపంలో వాటా ఇస్తుంది. పాత్ర ముఖం, దుస్తులు, మాట్లాడే తీరు, ఒక్కోసారి పాత్ర ఎవరిని కొట్టవచ్చు, ఎవరిని కొట్టకూడదు అన్నది కూడా హక్కుదారు ఆమోదానికి వెళ్లి తిరిగి రావాలి. అంటే ఆట రూపుదిద్దుకోకముందే డబ్బులో కొంత పేరుకు పోతుంది, సమయంలో కొంత ఆమోదాలకు పోతుంది. సినిమాకు అనుబంధంగా వచ్చే ఆట అయితే విడుదల తేదీ కూడా తయారీదారు చేతిలో ఉండదు. అరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఈ ఒప్పందాలకు బాగానే అతుకుతుంది.

దీనికి అందరూ చూపే ఉదాహరణ 1982 నాటి ‘ఇ.టి.’ ఆట. సినిమా జూన్‌లో విడుదలైంది, హక్కుల బేరం జులై చివరికి గానీ తెగలేదు, ఆట మాత్రం క్రిస్మస్ అమ్మకాలకు దుకాణాల్లో ఉండాలి. కార్ట్రిడ్జ్‌ల తయారీకి పట్టే కాలం తీసేస్తే అటారీ సంస్థ ప్రోగ్రామర్ హోవార్డ్ స్కాట్ వార్షాకు మిగిలింది సుమారు అయిదు వారాలు. లక్షల సంఖ్యలో ప్రతులు అమ్ముడుపోక మిగిలిపోయాయి. 1983లో వాటిలో కొన్నింటిని న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో చెత్త దిబ్బలో పూడ్చిపెట్టారన్న కథనం 2014 ఏప్రిల్‌లో జరిగిన తవ్వకంతో నిజమని తేలింది. ఈ కథ చెప్పుకొనేటప్పుడు తరచుగా మరుగున పడే విషయం ఒకటుంది. ఇదే వార్షా అంతకుముందు చేసిన ‘యార్స్ రివెంజ్’ను అటారీ 2600 యంత్రంపై వచ్చిన మేటి ఆటల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఇండియానా జోన్స్ మొదటి సినిమా ఆధారంగా ఆయనే చేసిన లైసెన్సు గేమ్ కూడా మంచి ఆదరణ పొందింది. కాబట్టి లోపం ప్రతిభలో గానీ, అరువు తెచ్చుకున్న కథలో గానీ లేదు.

ఆ దశాబ్దం చివర్లోనే దీనికి ఎదురు ఉదాహరణ కూడా వచ్చింది. 1989లో క్యాప్‌కామ్ సంస్థ నింటెండో యంత్రం కోసం డిస్నీ టీవీ ధారావాహిక ‘డక్ టేల్స్’ను ఆటగా మలిచింది. ‘మెగా మ్యాన్’ ఆటలపై పనిచేసిన అనుభవజ్ఞులు కొందరు దీనిపై కూడా పనిచేశారు. ముసలి బాతు స్క్రూజ్ చేతికర్రను వాళ్లు గెంతే సాధనంగా మార్చారు. కర్రపై ఎగిరితే శత్రువులు చస్తారు, ముళ్లపై నుంచి దాటవచ్చు, పెట్టెలు పగులుతాయి. ఆట మొత్తం ఆ ఒక్క కదలిక చుట్టూ అల్లుకుంది. టీవీ ధారావాహికకు సినిమాలా ఒకే ఒక్క విడుదల తేదీ ఉండదన్న సంగతి కూడా ఇక్కడ కలిసొచ్చింది. 1987లో మొదలైన కార్యక్రమానికి రెండేళ్ల తరువాత ఆట వచ్చినా ఆలస్యమైందని ఎవరికీ అనిపించలేదు.

గడువు దాటిన ‘గోల్డెన్ ఐ’

సినిమా విడుదలై రెండేళ్లు కావస్తుండగా వచ్చిన అనుబంధ ఆటను వ్యాపార లెక్కల్లో వైఫల్యంగానే రాసుకోవాలి. జేమ్స్ బాండ్ చిత్రం ‘గోల్డెన్ ఐ’ 1995 నవంబరులో విడుదలైంది. బ్రిటన్‌కు చెందిన రేర్ సంస్థ నింటెండో 64 కోసం చేసిన ఆట 1997 ఆగస్టులో వచ్చింది, అప్పటికి తరువాతి బాండ్ చిత్రం థియేటర్లకు రావడానికి కొన్ని నెలలే ఉంది. అయినా ఆ ఆట 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది.

మార్టిన్ హోలిస్ నేతృత్వంలోని చిన్న బృందంలో ఎక్కువ మందికి అంతకుముందు గేమ్ తయారు చేసిన అనుభవం లేదు. వాళ్లు సినిమా సెట్లను స్వయంగా చూసి, ఫొటోలు, నమూనాలు తెచ్చుకున్నారు. ఆ సెట్లకు తగ్గట్టుగా గదులు, నడవాలు, ఆనకట్ట ముందే కట్టుకుని, ఆటగాడు అక్కడ ఏం చేయాలన్నది ఆ తరువాత నిర్ణయించారు. సాధారణ పద్ధతికి ఇది తలకిందులు. అందుకే ఆ భవనాల్లో ఆటకు ఏ అవసరమూ లేని గదులు కూడా కనిపిస్తాయి, వాటి వల్లే అవి నిజమైన భవనాల్లా అనిపిస్తాయి. ఒకే చోట కష్టం స్థాయి పెరిగే కొద్దీ కొత్త పనులు చేర్చే పద్ధతిని ‘సూపర్ మారియో 64’ నుంచి గ్రహించారు. శత్రువుకు కనిపించకుండా వెళ్లడం, అలారం మోగకముందే కెమెరాను పగలగొట్టడం, సైలెన్సర్ తుపాకీ వాడటం వంటివి గూఢచారి వృత్తిని ఆట నియమాలుగా మార్చినవే. ఆ రోజుల్లోని తక్కిన షూటర్ ఆటల్లో ఎదురైన ప్రతిదాన్నీ కాల్చడమే పని. దీనిలో ఎప్పుడు కాల్చకూడదో తెలియడం కూడా పనే.

ఈ ఆటను నేటికీ గుర్తుంచుకునేలా చేసిన నలుగురి మల్టీప్లేయర్ భాగం తయారీ చివరి నెలల్లో చేర్చినది. సినిమా విడుదల తేదీనే గడువుగా పాటించి ఉంటే ఆ భాగం పుట్టేదే కాదు. నింటెండో ఆ ఆలస్యాన్ని సహించడం బహుశా ఆ ఒప్పందంలో అన్నిటికన్నా విలువైన అంశం.

ఒకే పేరు, ఒకే ప్రచురణకర్త, రెండు ఫలితాలు

సమయం ఒక్కటే కారణమని తేల్చేయడానికి వీల్లేదని చూపే జంట ‘ఏలియన్’ సినిమాల హక్కులతో దొరుకుతుంది. జపాన్ సంస్థ సెగా 2006 చివర్లో ఆ హక్కులున్న ఫాక్స్ సంస్థతో ఒప్పందం ప్రకటించింది. అందులోంచి గేర్‌బాక్స్ స్టూడియో పేరుతో వచ్చిన ‘ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్’ 2013 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆరేళ్ల కాలం దేనికైనా చాలు. కానీ పనిలో పెద్ద భాగం మరో స్టూడియో చేతికి వెళ్లింది, విడుదలకు ముందు చూపిన దృశ్యాలకూ అమ్మిన ఆటకూ పొంతన లేదన్న విమర్శలు వెల్లువెత్తాయి. గ్రహాంతర జీవులు ఆటగాడి ముందుకు తిన్నగా పరుగెత్తుకొచ్చి తూటాలకు రాలిపోయేవి. వాటి ప్రవర్తనను నియంత్రించే ఫైల్‌లో ఒకే ఒక్క పదానికి అక్షరదోషం ఉందనీ, దాన్ని దిద్దితే అవి కాస్త తెలివిగా కదులుతున్నాయనీ 2018లో విస్తృతంగా వెలుగులోకి వచ్చింది. ఆ దిద్దుబాటు ఆటను మెరుగుపరిచింది గానీ, మంచి ఆటగా మార్చలేదు, ఎందుకంటే అసలు ఎంపికే వేరుగా ఉండాల్సింది.

‘కలోనియల్ మెరీన్స్’ వచ్చిన మరుసటి ఏడాది, 2014 అక్టోబరులో, అదే సెగా సంస్థ ‘ఏలియన్: ఐసొలేషన్’ విడుదల చేసింది. తయారు చేసిన క్రియేటివ్ అసెంబ్లీకి అప్పటిదాకా ‘టోటల్ వార్’ యుద్ధ వ్యూహాల ఆటలతో పేరు, భయానక ఆటల్లో అనుభవం లేదు. వాళ్లు సైనికులు, తుపాకులు నిండిన 1986 నాటి రెండో సినిమాను పక్కనపెట్టి, ఒకే ఒక్క జీవి ఉన్న 1979 నాటి మొదటి సినిమాను ఎంచుకున్నారు. ఆ జీవిని చంపడానికి ఆట మొత్తంలో ఏ ఆయుధమూ పనికిరాదన్నది మొదటి నియమం. మంటలు విసిరే సాధనం దొరికినా అది జీవిని కాసేపు తరిమేస్తుంది, అంతే.

ఈ నియమం పనిచేయడానికి లోపల ఒక ఆసక్తికరమైన ఏర్పాటు ఉంది. జీవిని నడిపే కృత్రిమ మేధ రెండు అంచెలుగా పనిచేస్తుంది. పై అంచెకు ఆటగాడు ఎక్కడున్నాడో ఎల్లప్పుడూ తెలుసు, కానీ అది జీవికి కచ్చితమైన స్థలం చెప్పదు, ఫలానా దిక్కుగా వెతకమని మాత్రమే సూచిస్తుంది. కింది అంచె, అంటే జీవి, తన కళ్లకు కనిపించినదాన్నీ చెవులకు వినిపించినదాన్నీ బట్టే వెతకాలి. ఆటగాడు ఎక్కువసేపు ఒత్తిడిలో ఉన్నాడని లెక్క తేలితే పై అంచె జీవిని కాస్త దూరం పంపుతుంది. ఆటగాడికి ఇవేవీ కనిపించవు. తనను ఏదో వెతుకుతోందనీ, అది మోసం చేయడం లేదనీ మాత్రమే అనిపిస్తుంది. మొదటి సినిమాలోని భయానికి మూలం కూడా సరిగ్గా ఇదే.

ఫాక్స్ సంస్థ తన భాండాగారం నుంచి మొదటి సినిమా నిర్మాణానికి చెందిన సుమారు 3 టెరాబైట్ల చిత్రాలు, నమూనాలు, ధ్వనులను బృందానికి ఇచ్చింది. 1979 నాటి వాళ్లు ఊహించగలిగిన భవిష్యత్తు మాత్రమే ఆటలో ఉండాలని తయారీదారులు గిరి గీసుకున్నారు. తెరల మీద కనిపించే గీతలు, వణుకు కోసం దృశ్యాలను నిజమైన వీహెచ్ఎస్ టేపులపై రికార్డు చేసి తిరిగి ఆటలో పెట్టారు. హక్కుదారు దగ్గర ఆమోద ముద్రే కాక సామగ్రి కూడా ఉంటుందనీ, దాన్ని అడిగి తెచ్చుకోవడం కూడా ఒక నైపుణ్యమేననీ ఈ ఉదంతం చెబుతుంది. 2015 మార్చి చివరికి ఆట 21 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. బ్రహ్మాండమైన సంఖ్య కాదు. కానీ ఆదరణ ఏళ్ల తరబడి సన్నగిల్లలేదు, పదేళ్లు గడిచాక 2024లో రెండో భాగం తయారవుతోందని సంస్థ ప్రకటించింది.

హీరో పరిమితే ఆటకు నియమం

సాధారణంగా ఒక ప్రసిద్ధ పాత్రను ఆటలోకి తెచ్చేవాళ్లు ఆ పాత్ర శక్తుల జాబితాతో మొదలుపెడతారు. బాగా కుదిరిన ఆటలు మాత్రం ఎక్కువగా పాత్ర చేయలేని పనుల దగ్గర మొదలయ్యాయి.

2009లో వచ్చిన ‘బ్యాట్‌మన్: ఆర్కమ్ అసైలమ్’ దీనికి మంచి ఉదాహరణ. అంతకుముందు ఏడాది ‘ద డార్క్ నైట్’ సినిమా ప్రపంచమంతటా భారీ వసూళ్లు సాధించినప్పుడు దానికి అనుబంధ ఆట లేదు. తయారీలో ఉన్నది పూర్తికాక రద్దయింది. ఆ తరువాత వచ్చిన ‘ఆర్కమ్ అసైలమ్’కు ఏ సినిమాతోనూ సంబంధం లేదు. తయారు చేసిన లండన్ స్టూడియో రాక్‌స్టెడీకి అది రెండో ఆట మాత్రమే. కథను యానిమేషన్ ధారావాహిక రచయిత పాల్ డీనీ రాశారు, అదే ధారావాహికలో గొంతు ఇచ్చిన కెవిన్ కాన్రాయ్, మార్క్ హామిల్ ఇక్కడా గొంతు ఇచ్చారు. ఇవన్నీ పైకి కనిపించే ఆకర్షణలు. లోపల ఆటను నిలబెట్టినది బ్యాట్‌మన్ చంపడు, తుపాకీ పట్టడు, తూటా తగిలితే బతకడు అన్న మూడు నిషేధాలు. ఆయుధాలు పట్టిన గుంపు ఎదురైతే ఎదురు వెళ్లడం ఆత్మహత్యతో సమానం. కాబట్టి పైకప్పు దగ్గర విగ్రహాల మీద నక్కి, ఒక్కొక్కరినీ చీకట్లోకి లాగాలి. సహచరులు మాయమవుతున్న కొద్దీ మిగిలినవాళ్ల గుండె వేగం పెరగడం ఆటగాడికి తెరపై కనిపిస్తుంది, భయపడినవాడు చీకట్లోకి గుడ్డిగా కాల్చడం మొదలుపెడతాడు. నేరగాళ్లను భయపెట్టడమే బ్యాట్‌మన్ ఆయుధమని కామిక్‌లు దశాబ్దాలుగా చెబుతూ వచ్చాయి. ఆ మాటను లెక్కల్లోకి అనువదించిన మొదటి ఆటల్లో ఇదొకటి.

పోలండ్‌కు చెందిన టెయోన్ స్టూడియో ప్రస్థానం మరింత ఆసక్తికరం. 2014లో ఈ సంస్థ చేసిన ‘రాంబో’ ఆట తీవ్ర విమర్శల పాలైంది. అదే సంస్థ 2023 నవంబరులో విడుదల చేసిన ‘రోబోకాప్: రోగ్ సిటీ’కి మాత్రం ఆదరణ దక్కింది. నేటి షూటర్ ఆటల్లో హీరో దొర్లుతాడు, గెంతుతాడు, గోడ చాటున నక్కుతాడు. సగం మనిషి, సగం యంత్రమైన పోలీసు రోబోకాప్ ఇవేవీ చేయడు, బరువుగా అడుగులు వేస్తూ తూటాల మధ్యకు నడిచి వెళతాడు. ఈ నెమ్మదితనాన్ని దాచే ప్రయత్నం చేయకుండా ఆటంతా దాని చుట్టూనే కట్టారు. మధ్యలో వీధుల్లో చిన్నచిన్న నేరాలకు చలాన్లు రాయడం కూడా పనే, ఎందుకంటే అతను ముందు పోలీసు. ప్రధాన పాత్రకు సినిమా నటుడు పీటర్ వెల్లర్ గొంతు ఇచ్చారు. భారీ బడ్జెట్ లేని స్టూడియో కూడా సరైన పరిమితిని పట్టుకుంటే నిలబడగలదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

సినిమాతో పాటే విడుదలైన ఆటలు అన్నీ చెడ్డవి కావనడానికి 2004 నాటి ‘స్పైడర్‌మన్ 2’ సాక్ష్యం. అంతకుముందు ఆటల్లో సాలెపోగు ఆకాశంలో దేనికి అతుక్కుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. ట్రెయార్క్ స్టూడియో ఆ పోగును నిజంగా ఉన్న భవనానికే అతికించింది. ఎత్తైన భవనం లేని చోట ఊగడం కుదరదు, వదిలే క్షణాన్ని బట్టి వేగం మారుతుంది. తక్కిన ఆటలో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు, వీధి పనులు మళ్లీ మళ్లీ అవే ఎదురవుతాయి. అయినా ఆ ఒక్క కదలిక కోసం ఆటగాళ్లు దాన్ని ఏళ్ల తరబడి తలుచుకున్నారు. గడువులో ఇది ఎలా సాధ్యమైందంటే, 2002 నాటి మొదటి ఆట చేసినది కూడా ఇదే స్టూడియో, పునాది అప్పటికే ఉంది. 2018లో ఇన్‌సోమ్నియాక్ చేసిన ‘స్పైడర్‌మన్’ ఏ సినిమాకూ అనుబంధం కాకుండా సొంత కథతో వచ్చి, మూడు రోజుల్లో 33 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అందులోనూ మొదట ప్రశంస పొందినది ఊగే తీరే.

దీనికి పూర్తి విరుద్ధంగా జరిగినది 2024లో, అదీ ‘ఆర్కమ్’ ఆటలు చేసిన రాక్‌స్టెడీ చేతుల్లోనే. ‘సూసైడ్ స్క్వాడ్: కిల్ ద జస్టిస్ లీగ్’లో నాలుగు పాత్రలూ తుపాకులే ప్రధాన ఆయుధంగా వాడతాయి. అందులో ఒకటి మనిషంత తెలివి ఉన్న భారీ సొరచేప. కొరికే జీవికి మెషిన్ గన్ ఎందుకన్న ప్రశ్నకు కథలో జవాబు లేదు, వ్యాపార నమూనాలో ఉంది. ఆటగాళ్లు నెలల తరబడి మెరుగైన ఆయుధాల కోసం తిరిగి తిరిగి రావాలన్న లైవ్ సర్వీస్ లెక్కకు అన్ని పాత్రలూ ఒకే రకం సామగ్రి వాడటం అనుకూలం. పాత్రకు ప్రత్యేకమైన నియమం ఆ లెక్కలో కరిగిపోయింది. వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ సంస్థ ఈ ఆట కారణంగా సుమారు 20 కోట్ల డాలర్ల నష్టాన్ని ఖాతాల్లో రాసుకోవాల్సి వచ్చింది. స్టూడియో, హక్కులు, నిధులు, కాలం అన్నీ ఉన్నా ఎంపిక తప్పితే జరిగేదేమిటో దీనికన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

మూలకథలో ఖాళీ చోటు

సినిమా కథనే ఆటగా మార్చితే ముగింపు ఆటగాడికి ముందే తెలుసు, మధ్యలో తీసుకునే నిర్ణయాలకు విలువ ఉండదు. అందుకే రాణించిన ఆటలు ఎక్కువగా ఆ లోకంలో ఎవరి జాతకమూ ఇంకా రాయని చోటును వెతుక్కున్నాయి. 2003లో బయోవేర్ చేసిన ‘స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’ సినిమాలకు దాదాపు 4,000 ఏళ్ల ముందు జరుగుతుంది. కాబట్టి ఆటగాడు మంచి వైపు నిలిచినా, చీకటి వైపు మళ్లినా తెలిసిన చరిత్రకు భంగం లేదు. ‘హాగ్‌వర్ట్స్ లెగసీ’ 1890ల నాటి పాఠశాలను చూపుతుంది, అందులో హ్యారీ ఇంకా పుట్టలేదు. పోలండ్ రచయిత ఆంజెయ్ సప్‌కోవ్‌స్కీ నవలల ఆధారంగా వచ్చిన ‘విచర్’ ఆటలు నవలలు ముగిసిన తరువాతి కాలాన్ని తీసుకున్నాయి.

నడిచే శవాల మధ్య బతుకుపోరాటం చెప్పే ‘ద వాకింగ్ డెడ్’ పేరుతో వచ్చిన రెండు ఆటలను పక్కపక్కన పెడితే ఈ తేడా తెలుస్తుంది. 2012లో టెల్‌టేల్ స్టూడియో కామిక్ లోకాన్ని మాత్రమే తీసుకుని, లీ అనే పూర్వ నేరస్తుడినీ, క్లెమెంటైన్ అనే చిన్న పిల్లనూ కొత్తగా సృష్టించింది. వాళ్లు బతుకుతారో లేదో ఏ కామిక్ చదివినా తెలియదు. ఎవరికి ఆహారం ఇవ్వాలి, ఎవరిని వదిలేయాలి అన్న నిర్ణయాలకు కొద్ది సెకన్ల గడువు పెట్టింది. ఆ కథలోని నైతిక సంకటాన్ని గడియారం రూపంలో ఆటగాడి ముందు పెట్టిందన్నమాట. 2013లో టీవీ ధారావాహిక హక్కులతో వచ్చిన ‘సర్వైవల్ ఇన్‌స్టింక్ట్’లో ప్రేక్షకాదరణ ఉన్న డారిల్, మెర్ల్ పాత్రలు ఉన్నాయి, ఆ నటుల గొంతులూ ఉన్నాయి. కానీ ధారావాహికకు ముందు కాలపు కథ కాబట్టి ఇద్దరూ బతికే ఉంటారని ముందే తెలుసు. ఆట కూడా తొందరపాటుగా ముగించినట్టు ఉందని విమర్శకులు తోసిపుచ్చారు.

ఖాళీ చోటు దొరికితే చాలునా అంటే, చాలదు. ‘గొల్లమ్’ ఆట కూడా తెలిసిన కథలోని చీకటి కాలాన్నే ఎంచుకుంది. అక్కడ ఆటగాడు చేసే పనిలో పస లేకపోవడంతో ఆ ఖాళీ ఖాళీగానే మిగిలింది.

సినిమాతో పాటు వచ్చే ఆటలు ఏమయ్యాయి

2000ల మొదటి సగంలో దాదాపు ప్రతి పెద్ద వేసవి సినిమాకూ ఒక అనుబంధ ఆట ఉండేది. ప్లేస్టేషన్ 2 కాలంలో ఏడాది, ఏడాదిన్నరలో ఒక ఆటను పూర్తి చేసి, సినిమా ప్రచారం వేడి మీద అమ్ముకోవడం సాధ్యపడేది. 2005, 2006 సంవత్సరాల్లో హై డెఫినిషన్ కన్సోళ్లు (టీవీకి కలిపి ఆడే యంత్రాలు) వచ్చాక ఒక్కో పాత్ర బొమ్మకు, ఒక్కో వీధికి పట్టే శ్రమ ఎన్నో రెట్లు పెరిగింది. సినిమా నిర్మాణ కాలం మాత్రం అంతే ఉంది. రెండు గడియారాలు విడిపోవడంతో అనుబంధ ఆటల లెక్క కుదరకుండా పోయింది, ప్రచారం కోసం చేసే చవక ఆటలు మొబైల్ ఫోన్లకు తరలిపోయాయి. లైసెన్సు ఆటలపై బాగా ఆధారపడిన టీహెచ్‌క్యూ సంస్థ 2012 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది.

హక్కుదారుల వైపు కూడా మార్పు వచ్చింది. లూకాస్ ఫిల్మ్‌ను కొన్న డిస్నీ 2013 ఏప్రిల్‌లో దాని గేమ్ విభాగం లూకాస్ ఆర్ట్స్‌లో ఆటల తయారీని ఆపేసింది, 2016లో ‘డిస్నీ ఇన్ఫినిటీ’ ఆటల శ్రేణిని మూసేసి కన్సోల్ ఆటలను సొంతంగా ప్రచురించడం మానుకుంది. అప్పటి నుంచి ఆ సంస్థ మార్గం ప్రధానంగా లైసెన్సులే. తక్కువ ఆటలు, ఎక్కువ కాలం, పేరున్న స్టూడియోలు అన్న పద్ధతి స్థిరపడింది. 2024 డిసెంబరులో మెషీన్ గేమ్స్ విడుదల చేసిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’ ఈ పద్ధతి ఫలితమే. 1937లో, రెండు సినిమాల మధ్య కాలంలో జరిగే ఆ ఆటలో తుపాకీ కన్నా కొరడాకూ పిడికిలికీ పని ఎక్కువ. అంతకుముందు తుపాకుల ఆటలకే పేరుపడిన స్టూడియో ఆ నిర్ణయం తీసుకోవడం గమనించదగినది.

అయితే నాణ్యత పెరిగినంత మాత్రాన అమ్మకాలు వెంట రావు. 2021లో వచ్చిన ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ విమర్శకుల మెప్పు పొందినా, ప్రచురణకర్త స్క్వేర్ ఎనిక్స్ ఆశించిన స్థాయిలో మొదట అమ్ముడుపోలేదు. అంతకుముందు ఏడాది అదే ప్రచురణకర్త తెచ్చిన ‘మార్వెల్స్ అవెంజర్స్’ ఆటగాళ్లకు కలిగించిన నిరాశ దీని మీద కూడా పడిందన్న విశ్లేషణ ఉంది. ఒక పేరు మీద వచ్చిన చెడ్డ ఆట తరువాతి మంచి ఆటకు కూడా ఖరీదు కట్టిస్తుంది.

గెలిచిన తరువాత హక్కులు

ఆట విజయవంతమైతే కొత్త చిక్కులు మొదలవుతాయి. సప్‌కోవ్‌స్కీ తన నవలల గేమ్ హక్కులు ఇచ్చినప్పుడు, లాభాల్లో వాటా కాకుండా ఒకేసారి మొత్తం తీసుకోవడానికి మొగ్గు చూపారు. ఆటలు ఇంత దూరం వెళతాయని అప్పుడు ఎవరూ ఊహించలేదు. 2018 అక్టోబరులో ఆయన తరఫు న్యాయవాదులు ‘విచర్’ ఆటలు చేసిన సీడీ ప్రాజెక్ట్ నుంచి 6 కోట్ల జ్లోటీలు (పోలండ్ కరెన్సీ) కోరారు. రచయితకు ముట్టినది, హక్కులు పొందినవారి లాభంతో పోలిస్తే మరీ తక్కువగా ఉంటే పెంపు అడిగే వీలు పోలండ్ కాపీరైట్ చట్టంలో ఉంది. 2019 డిసెంబరులో ఇరుపక్షాలూ కొత్త ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2023 నాటికి ‘విచర్ 3’ ఒక్కటే 5 కోట్ల ప్రతులు దాటింది.

కొనుగోలుదారుకు ఎదురయ్యే చిక్కు వేరు. లైసెన్సు గడువు తీరితే ఎంత మంచి ఆట అయినా డిజిటల్ దుకాణం నుంచి తొలగిపోతుంది. 2010 నాటి ‘స్కాట్ పిల్‌గ్రిమ్’ ఆట 2014 చివర్లో మాయమై, 2021 జనవరి దాకా కొత్తగా కొనడానికి దొరకలేదు. ‘గోల్డెన్ ఐ’ విషయంలో బాండ్ హక్కుదారులు, నింటెండో, రేర్‌ను 2002లో కొన్న మైక్రోసాఫ్ట్ అందరూ ఒప్పుకోవాల్సి రావడంతో, దాదాపు పూర్తయిన మెరుగైన రూపం ఒకటి విడుదల కాకుండానే ఆగిపోయింది. అసలు ఆట కొత్త యంత్రాలపైకి రావడానికి 2023 జనవరి దాకా పట్టింది.

నైపుణ్యం ఎవరి దగ్గర మిగులుతుందన్న ప్రశ్న కూడా ఉంది. ‘బాల్డర్స్ గేట్ 3’ను బెల్జియం సంస్థ లారియన్ సొంతంగా ప్రచురించింది, దాదాపు మూడేళ్లు ముందస్తు విడుదలలో ఉంచి ఆటగాళ్ల స్పందనతో దిద్దుకుంది. బల్ల మీది ఆటలోని ఇరవై ముఖాల పాచికను దాచకుండా తెరపైనే దొర్లించింది, పాచిక ఓడినా కథ మరో దారిలో ముందుకు సాగేలా రాసింది. హక్కుదారు హాస్‌బ్రోకు ఈ ఒక్క ఆట ద్వారా 2023లో 9 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది. అయినా తరువాతి భాగం తాము చేయబోమని లారియన్ 2024 మార్చిలో ప్రకటించింది. పేరు హాస్‌బ్రో దగ్గర ఉంది, ఆ ఆటను నడిపిన మనుషులు లారియన్‌లో ఉన్నారు.

వార్నర్ సంస్థలో జరిగినది దీనికి భిన్నం. ఆ సంస్థకు చెందిన మోనోలిత్ స్టూడియో 2014లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ లోకంలో చేసిన ‘షాడో ఆఫ్ మోర్డార్’లో ఆటగాడిని చంపిన సాధారణ సైనికుడు పదోన్నతి పొంది, మళ్లీ ఎదురైనప్పుడు పాత పోరును గుర్తుచేసి ఎద్దేవా చేస్తాడు. నెమెసిస్ అనే ఈ పద్ధతిపై 2021లో పేటెంటు మంజూరైంది, అది వార్నర్ పేరు మీద ఉంది. 2025 ఫిబ్రవరిలో మోనోలిత్‌ను మూసేశారు. అదే పద్ధతిని వాడుకుంటుందని చెప్పిన ‘వండర్ వుమన్’ ఆట కూడా అప్పుడే రద్దయింది.